ఫన్నీ, విట్టీ, కామికల్.. మూడూ ఒకటే అనుకుంటున్నారా? మాస్టారి ఫ్లెక్సీ మీద ఏది రాయాలంటే..

నరసరావుపేటలో ఓ ఇంగ్లిష్ మాస్టారు రిటైర్ అవుతున్నారనుకుందాం. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన మనిషి. ఆయన క్లాసంటే నవ్వులే నవ్వులు. అందుకే పాత స్టూడెంట్స్ అంతా వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, తలా కొంత వేసుకుని, స్కూల్ గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టించాలని డిసైడ్ అయ్యారు. మాస్టారి ఫొటో, దాని కింద ఇంగ్లిష్‌లో ఒక లైను.. ‘ది మోస్ట్ కామికల్ టీచర్ ఆఫ్ అవర్ లైఫ్’.

రాసిన కుర్రాడి మనసులో ఉన్నది గౌరవమే. మాస్టారు మమ్మల్ని భలే నవ్వించేవారు అని చెబుదామనుకున్నాడు. కానీ ఫ్లెక్సీ చెప్పేది ఇంకోటి. ‘మా మాస్టారి వాలకం చూస్తేనే నవ్వొచ్చేది’ అని! వచ్చిన చిక్కేంటంటే, ఆయన ఇంగ్లిష్ మాస్టారు. ఆ తేడా అందరికంటే ముందు కనిపెట్టేది ఆయనే.

ఇది ఊహించుకున్న సీనే. కానీ ఇలాంటి పొరపాటు ఆఫీసు మెయిల్‌లో, జాబ్ ఇంటర్వ్యూలో, ఇన్‌స్టా కామెంట్‌లో రోజూ దొర్లుతూనే ఉంటుంది. దానికి కారణం కూడా ఉంది. ఫోన్‌లో డిక్షనరీ యాప్ తెరిచి ఫన్నీ, హ్యూమరస్, కామికల్, విట్టీ.. ఏది కొట్టినా తెలుగులో వచ్చేది దాదాపు ఒకటే. ‘హాస్యభరితమైన’, ‘నవ్వు పుట్టించే’. అర్థం ఒకటే చూపించినా, వాడుకలో మాత్రం ఒక మాట శాలువా కప్పితే ఇంకో మాట పరువు తీస్తుంది.

ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి

తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. ఒకటి నవ్వించడం. రెండోది నవ్వులపాలవడం. రెండుచోట్లా ఎదుటివాళ్లు నవ్వుతారు. కానీ మొదటిదాంట్లో స్టీరింగ్ ఆ మనిషి చేతిలో ఉంటుంది. రెండోదాంట్లో ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఇంగ్లిష్ మాట ఎంచుకునే ముందు చూడాల్సింది సరిగ్గా ఇదే. ఆ మనిషి కావాలని నవ్వించాడా? లేక ఆయన మామూలుగానే ఉంటే మనం నవ్వామా?

నిజానికి న్యూస్ చూసే ప్రతి ఒక్కరికీ ఈ తేడా తెలుసు. ‘ఆయన ప్రసంగం హాస్యభరితంగా సాగింది’ అంటే మెచ్చుకోలు. ‘ఆయన ఆరోపణలు హాస్యాస్పదం’ అంటే తిట్టు. రెండింట్లోనూ ఉన్నది హాస్యమే. అయినా రెండోది వినగానే ఇది పొగడ్త కాదని చిన్నపిల్లాడికైనా అర్థమైపోతుంది. ఇంగ్లిష్‌లోనూ ఇదే పద్ధతి. విట్టీ, హ్యూమరస్ అనేవి ‘నవ్వించాడు’ వైపు నిలబడతాయి. లాఫబుల్, రిడిక్యులస్ అనేవి ‘నవ్వులపాలయ్యాడు’ వైపు. కామికల్ చాలావరకు ఈ రెండో వైపే మొగ్గుతుంది. ఇక ఫన్నీ.. అది గోడమీద పిల్లి. ఎటు దూకుతుందో పక్కనున్న మాటల్ని బట్టి చెప్పాలి.

ఫన్నీ అంటే ఎప్పుడూ నవ్వేనా?

అందరికీ తెలిసిన మాట కాబట్టి అందరూ తేలిగ్గా వాడేస్తారు. అసలు తేడా కొట్టేది ఇక్కడే. ఫన్నీకి రెండు అర్థాలు. ఒకటి నవ్వొచ్చేది. రెండోది తేడాగా ఉన్నది, అనుమానం పుట్టించేది. ఇంగ్లిష్ వాళ్లకే ఈ గందరగోళం ఎంత ఉందంటే, ఎవరైనా ఫన్నీ అనగానే ‘ఫన్నీ హహానా, ఫన్నీ పెక్యూలియరా?’ అని ఎదురడగడం వాళ్ల వాడుకలోనే ఉంది. అంటే నవ్వొచ్చే ఫన్నీయా, వింతగా ఉన్న ఫన్నీయా అని.

మిర్చి కమిషన్ షాపులో లెక్కలు చూసే అమ్మాయి ఓనర్‌కి ‘దేర్ ఈజ్ సమ్‌థింగ్ ఫన్నీ ఇన్ దిస్ బిల్’ అని మెసేజ్ పెట్టిందనుకోండి. ఓనర్ నవ్వే ఎమోజీ పెడితే పని చెడిపోయినట్టే. ‘ఈ బిల్లులో ఏదో తిరకాసు ఉంది సార్’ అని ఆమె చెబుతోంది. పాలు ‘ఫన్నీ’ వాసన వస్తున్నాయంటే విరిగిపోయేలా ఉన్నాయని. కడుపులో ‘ఫన్నీ’గా ఉందంటే తిప్పుతోందని. ‘నో ఫన్నీ బిజినెస్’ అంటే ‘వేషాలు వేయొద్దు’ అని. ఇక ‘డోంట్ బీ ఫన్నీ’ని మన భాషలో చెప్పాలంటే.. ‘ఏందిరా, నవ్వులాటగా ఉందా నీకు?’

అందుకే పరిచయం లేని వాళ్ల దగ్గర ‘హీ ఈజ్ ఎ ఫన్నీ మ్యాన్’ అనేటప్పుడు కాస్త చూసుకోవాలి. నవ్వుతూ, ఆయన వేసిన జోకు గురించి చెబుతూ అంటే మెచ్చుకోలే. మొహం సీరియస్‌గా పెట్టి అంటే ‘ఆ మనిషి అదో టైపు’ అనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. రాతలో మొహం కనిపించదు కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

మనవాళ్లు చేసే ఇంకో తప్పుంది. మాచర్ల దగ్గర ఎత్తిపోతల చూసొచ్చి స్టేటస్‌లో ‘వెరీ ఫన్నీ ట్రిప్’ అని పెడతారు. సరదాగా గడిచింది అని వాళ్ల ఉద్దేశం. సరదా అంటే ‘ఫన్’. ‘ఫన్నీ’ కాదు. ‘ది ట్రిప్ వాజ్ ఫన్’ అనాలి. ‘ఫన్నీ ట్రిప్’ అంటే దారిలో బండి రెండుసార్లు ఆగిపోయి, కోతి వచ్చి టిఫిన్ బాక్స్ ఎత్తుకెళ్లి, అదంతా తలచుకుంటే నవ్వొచ్చే ట్రిప్ అన్నమాట. అలా జరిగితే మాత్రం ఫన్నీ అని పెట్టుకోవచ్చు, తప్పేం లేదు!

విట్టీ అంటే ఏంటో శ్రీనాథుడిని చూస్తే తెలుస్తుంది

విట్టీ అంటే నవ్వించేది మాట. మొహం కాదు, వేషం కాదు, కాలు జారి పడటం కాదు. బుర్రలోంచి టక్కున వచ్చిన మాట. తెలుగులో చమత్కారం, చెణుకు, ఛలోక్తి అంటామే, అది.

ఇందులో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. ఇంగ్లిష్‌లో ‘విట్’ అనే మాటకు పాత అర్థం తెలివి, ఎరుక. దాని మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, మన ‘విద్య’, ‘వేదం’ పుట్టిన సంస్కృత ధాతువు ‘విద్’కీ దానికీ చుట్టరికం తేలుతుంది. భాషాశాస్త్రంలో ఇది స్థిరపడిన విషయమే. అంటే ఎవరినైనా విట్టీ అన్నామంటే నవ్వించాడని మాత్రమే కాదు, తెలివితో నవ్వించాడని సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

పల్నాడులో దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసిన కవిగా శ్రీనాథుడికి పేరుంది. ఈ సీమలో తిరిగినప్పుడు ఆయన చెప్పినట్టుగా కొన్ని చాటుపద్యాలు జనం నోట మిగిలాయి. అందులో ఒకదాని కథ ఇది. ఎండాకాలం, దాహం, ఎక్కడా నీళ్లు దొరకలేదు. అప్పుడు కవిగారు శివుడితో పేచీ పెట్టుకున్నాడు. కృష్ణుడు కలిగినవాడు, వేలమందిని పెళ్లాడినా చెల్లుతుంది. బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్లాలెందుకయ్యా? పార్వతి చాలుగానీ, గంగను ఇటు వదిలెయ్.. అని ఆ పద్యం భావం.

ఇదీ విట్టీ అంటే. ఒక్క బూతు లేదు, అరుపు లేదు. గంగ అంటే శివుడి భార్య, గంగ అంటే నీళ్లు. ఆ రెండింటినీ ఒకే మాటలో ముడేశాడు. పైకి చూస్తే దేవుడి సంసారం మీద జోకు, లోపల ఉన్నది గుక్కెడు నీళ్ల కోసం మొర. వినేవాడి బుర్ర కూడా కాస్త పనిచేయాలి. గంగ అంటే నీళ్లని తట్టకపోతే నవ్వు రాదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఇక్కడ ఆ పద్యంతో అవసరం తగ్గింది. అయితే కాలువ చివరి భూముల్లో సాగుచేసే రైతును ఏప్రిల్ నెలలో కదిపితే, శ్రీనాథుడు చెప్పింది కరెక్టేనయ్యా అన్నా ఆశ్చర్యం లేదు.

మరి శ్రీనాథుడిని ‘కామికల్ పొయెట్’ అంటే? కవిగారి తలపాగా ఊడిపోయిందేమో అనుకుంటారు. ‘విట్టీ పొయెట్’ అంటే ఒక్కమాటలో విషయం చెప్పేసినట్టే.

విట్టీని మనుషులకూ వాడొచ్చు, మాటలకూ వాడొచ్చు. విట్టీ లేడీ, విట్టీ రిప్లై, విట్టీ క్యాప్షన్.. అన్నీ ఓకే. కానీ పిల్లి టేబుల్ మీద నుంచి పడిన రీల్ కింద ‘సో విట్టీ’ అని కామెంట్ పెట్టకూడదు. పిల్లి ఫన్నీ. దానికి మీరు రాసిన క్యాప్షన్ బాగుంటే అది విట్టీ.

వెటకారానికి వేరే మాట ఉంది

శ్రీనాథుడి పేరుమీదే ఇంకొన్ని పద్యాలున్నాయి. పల్నాడంటే రాళ్లూ తేళ్లూ పాములూ జొన్నకూడూ అని ఏకరువు పెట్టేవి. ఇవి విట్టీయా, సర్కాస్టిక్కా? వాదించుకోవచ్చు. నన్నడిగితే రెండూ. మాట విట్టీ, ఉద్దేశం కొంచెం సర్కాస్టిక్. సన్నన్నం తిని పెరిగిన కవికి జొన్నకూడు గొంతు దిగకపోతే ఆ చిరాకు పద్యంలోకి వచ్చింది.

సర్కాస్టిక్ అంటే మన వెటకారం. ఈ మాట గ్రీకు మూలానికి అర్థం ఏంటో తెలుసా? మాంసం పీకడం! విట్టీ మాట విని ఆ మాట పడ్డవాడు కూడా నవ్వగలడు. సర్కాస్టిక్ మాట పడ్డవాడికి ఎక్కడో ఒక చోట గుచ్చుకుంటుంది. పైగా ఇందులో చాలాసార్లు మాట ఒకటి, అర్థం దానికి తలకిందులు. పొద్దున ఎనిమిదికి రమ్మంటే పదిన్నరకు వచ్చిన కుర్రాడితో ‘అప్పుడే వచ్చావేందిరా అబ్బాయ్, ఇంకాసేపు పడుకోకపోయావా!’ అంటారు చూడండి.. ఇదే సర్కాస్టిక్. కాబట్టి మీ టీమ్ లీడర్‌ని మెచ్చుకోవాలనుకుని ‘సార్, యు ఆర్ వెరీ సర్కాస్టిక్’ అనకండి. ‘మీరు జనాన్ని గుచ్చి మాట్లాడతారు సార్’ అని ఆయన మొహం మీదే చెప్పినట్టవుతుంది.

ఇక్కడ మా న్యూస్ ఛానళ్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒక నేత ఇంకో నేత మీద ఎటకారంగా ఒక మాట అంటే చాలు, ‘సెటైర్లు’ అని బ్రేకింగ్ వేసేస్తాం. ఇంగ్లిష్‌లో సెటైర్ అంటే అంత చిన్నది కాదు. ఒక దురాచారాన్నో, ఒక వ్యవస్థనో నవ్విస్తూ ఎండగట్టే రచన, నాటకం, సినిమా.. అదీ సెటైర్. గురజాడ కన్యాశుల్కం సెటైరికల్ నాటకం. చిన్నపిల్లల్ని డబ్బుకు ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారం మీద దెబ్బ అది. ప్రెస్ మీట్‌లో విసిరిన ఒక చురకను ఇంగ్లిష్‌లో ‘జైబ్’ అనో ‘డిగ్’ అనో అంటారు. ఇంగ్లిష్ పేపర్‌కో, కాలేజీ మ్యాగజైన్‌కో రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. తెలుగులో సెటైర్లు వేసుకోవచ్చు, అది మన వాడుక అయిపోయింది.

కామిక్ వేరు, కామికల్ వేరు.. బ్రహ్మానందం సాక్షి!

ఇప్పుడు అసలు ఫ్లెక్సీ గొడవకు వద్దాం. దీన్ని తేల్చాలంటే సత్తెనపల్లి వైపు వెళ్లాలి. ముప్పాళ్ల మండలం చాగంటివారిపాలెం. 1956 ఫిబ్రవరి 1న బ్రహ్మానందం పుట్టిన ఊరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఈ ఊరు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. సినిమాల్లోకి రాకముందు ఆయన అత్తిలిలో తెలుగు లెక్చరర్. తర్వాత సినిమాల సంఖ్యలో గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ.. ఇవన్నీ మీకు తెలిసినవే.

బ్రహ్మానందాన్ని ఇంగ్లిష్‌లో ఏమనాలి? ‘కామిక్ యాక్టర్’. కామిక్ అంటే కామెడీకి సంబంధించిన అని. అది వృత్తి పేరు, కళ పేరు. కామిక్ రోల్, కామిక్ టైమింగ్, కామిక్ సీన్.. ఇవన్నీ గౌరవంగా వాడే మాటలు. అదే ‘కామికల్ యాక్టర్’ అన్నామనుకోండి, ‘నటిస్తుంటే చూసి నవ్వుకునేలా ఉన్నాడు’ అనే వాసన వస్తుంది. సీరియస్ సీన్‌లో ఏడుస్తుంటే హాల్లో జనం పగలబడి నవ్వే హీరోకి ఆ మాట సరిపోతుంది. పేర్లు వద్దులెండి.

1987లో వచ్చిన జంధ్యాల సినిమా ‘అహ నా పెళ్లంట’ను తీసుకుందాం. ఆ ఒక్క సినిమాలోనే ఈ మాటలన్నీ దొరుకుతాయి.

కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి పాత్ర గుర్తుంది కదా. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ మనిషికి తను చేసే పని నవ్వులాట కాదు, చాలా సీరియస్. అంత సీరియస్‌గా చేస్తాడు కాబట్టే మనకు నవ్వు. ఆ పని ‘రిడిక్యులస్’, ‘అబ్సర్డ్’. అంటే హాస్యాస్పదం, అర్థం పర్థం లేనిది. అది పాత్రకు తగిలే మాట, కోటగారికి కాదు. కోటగారి నటన ‘బ్రిలియంట్ కామిక్ పెర్ఫార్మెన్స్’. జంధ్యాల రాసిన డైలాగులు ‘విట్టీ’. పిసినారి దగ్గర పనిచేస్తూ లోపల్లోపల తిట్టుకునే అరగుండు పాత్రలో బ్రహ్మానందం ‘ఫన్నీ’. ఇక ఆ అరగుండు.. ఆ సగం గొరిగిన తల ఉంది చూశారూ, దానికి సరిగ్గా అతికే మాట ‘కామికల్’. ఎందుకంటే అక్కడ నవ్వించేది వాలకం. ఇద్దరూ ఎదురుపడే సీన్లు ‘హిలేరియస్’.

ఒక్క సినిమా, ఎన్ని మాటలు పట్టాయో చూశారుగా. పాత్రకు ఒకటి, నటుడికి ఒకటి, రాతకు ఒకటి, గెటప్‌కి ఒకటి. ఒకదాని చోట ఇంకోటి పెడితే పొగడాల్సిన చోట తిట్టినట్టవుతుంది.

కామికల్ ఎప్పుడూ తిట్టేనా అంటే కాదు. తాత కళ్లజోడు పెట్టుకుని పేపర్ తిరగేసి పట్టుకున్న మూడేళ్ల మనవడు కామికల్. అక్కడ ముద్దుంది, అవమానం లేదు. పెద్దవాళ్ల విషయంలోనే, అందులోనూ పదిమందిలో గౌరవం ఉన్నవాళ్ల విషయంలోనే ఈ మాట జాగ్రత్త.

చిరునవ్వుకు ఒకటి, పగలబడి నవ్వడానికి ఒకటి

ఎవరు నవ్వించారన్నది తేలాక ఎంత నవ్వొచ్చిందన్నది చూసుకోవాలి. మన పూర్వులు దీన్ని ఎప్పుడో లెక్కగట్టారు. భరతుడి నాట్యశాస్త్రంలో నవ్వు ఆరు రకాలు.. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పన్ను కనపడని చిరునవ్వుతో మొదలై, డొక్కలు పట్టుకుని నవ్వేదాకా.

ఇంగ్లిష్‌లో ‘అమ్యూజింగ్’ అంటే స్మితం దగ్గర. పెదవి కాస్త కదిలింది, అంతే. ‘హ్యూమరస్’ దానికి కొంచెం పైన, ఎక్కువగా రాతలకు, ప్రసంగాలకు వాడతారు. హ్యూమరస్ ఎస్సే, హ్యూమరస్ స్పీచ్. కాస్త బడి వాసన వేసే మాట, ఇద్దరు ఫ్రెండ్స్ కబుర్లలో పెద్దగా వినపడదు. మొక్కపాటి బారిస్టర్ పార్వతీశంని ఇంగ్లిష్‌లో పరిచయం చేయాలంటే ‘హ్యూమరస్ నావెల్’ అంటే సరిగ్గా సరిపోతుంది. ‘హిలేరియస్’ అంటే అతిహసితం. కళ్లలో నీళ్లు రావాలి. అసలే అది చివరి మెట్టు కాబట్టి దానికి ముందు ‘వెరీ’ తగిలించరు. ‘వెరీ హిలేరియస్’ అంటే ‘చాలా అత్యంత’ అన్నట్టుంటుంది. ‘అబ్సల్యూట్లీ హిలేరియస్’ అంటే సరే.

మామూలుగా పెదవి విరిచిన జోకుకు కూడా ఫ్యామిలీ గ్రూపులో ‘హిలేరియస్’ అని పెట్టేస్తుంటాం. మొహమాటం! మామయ్య గారు ఫార్వర్డ్ చేసిన జోకు, అదీ నాలుగోసారి. ‘నైస్ వన్’ అని పెట్టినా మర్యాద దక్కుతుంది.

ఇంకోటి. ‘అమ్యూజింగ్’ వేరు, ‘అమ్యూజ్డ్’ వేరు. నవ్వు పుట్టించేది అమ్యూజింగ్. నవ్వొచ్చినవాడు అమ్యూజ్డ్. మేనేజర్ ‘నాట్ అమ్యూజ్డ్’ అని ఎవరైనా చెబితే ఆయనకు నవ్వు రాలేదని కాదు, ఒళ్లు మండిందని. ఆ రోజుకి ఆయన క్యాబిన్ వైపు వెళ్లకపోవడమే మంచిది.

మిర్చి రైతు నవ్వుకు ఏం పేరు?

కొన్ని మాటలు బడిలో పెద్దగా వినపడవు గానీ కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌లో సినానిమ్స్ కింద అడుగుతుంటారు. ‘జాక్యులర్’ అంటే పరాచికాలాడే స్వభావం, తేలిగ్గా, సరదాగా. ‘డ్రోల్’ అంటే కాస్త విడ్డూరంగా, ఎక్కువసార్లు మొహంలో ఏ మార్పూ లేకుండా నవ్వించడం. ‘ఫసీషియస్’ అంటే వేళాపాళా లేని పరాచికం. ఆపరేషన్ థియేటర్ బయట బంధువులు కూర్చుని ఉంటే, పక్కన చేరి జోకులేసేవాడి మాటలు ఫసీషియస్. ఈ మాట స్పెల్లింగ్‌లో ఎ, ఇ, ఐ, ఓ, యు.. అయిదు అచ్చులూ వరసగా, ఒక్కొక్కటి ఒక్కసారే వస్తాయి. ఎగ్జామ్‌కి గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఈ వరసలో నాకు ఇష్టమైన మాట మాత్రం ‘రై’. రాసేటప్పుడు ముందు డబ్ల్యూ ఉంటుంది, పలకదు. పాత ఇంగ్లిష్‌లో దీని మూలానికి అర్థం మెలితిరగడం, వంకరపోవడం. రై స్మైల్ అంటే ఒక పక్కకు తిరిగిన నవ్వు. సంతోషం కాదు, అలాగని ఏడుపూ కాదు.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు దించి, పాట అయ్యాక రేటు విని, అప్పు లెక్క మనసులోనే వేసుకుని, పక్కవాడితో ‘ఇంకేంది బావా, ఈసారి మేడ కట్టేయొచ్చు’ అని నవ్వే రైతును ఎప్పుడైనా చూశారా? ఆ నవ్వు ఫన్నీ కాదు. ఎవరినీ గుచ్చడం లేదు కాబట్టి సర్కాస్టిక్ అనలేం. గుచ్చుకుంటే తనకే గుచ్చుకుంటుంది. కామికల్ అన్నామా, పాపం తగులుతుంది. దానికి సరైన మాట ‘రై’. ‘రై హ్యూమర్’. కష్టం ముందు నిలబడి, కష్టాన్నే చూసి మూతి వంకరగా నవ్వడం. దీనికి తెలుగులో ఒక్క మాట వెతికాను, దొరకలేదు. పేలవమైన నవ్వు అంటే ప్రాణం పోతుంది, చేదు నవ్వు అంటే చేదే మిగులుతుంది. గురజాల, మాచర్ల వైపు పొలాల గట్ల మీద రోజూ వినపడే హాస్యం ఇది. మాట లేకపోయినా మనిషి ఉన్నాడు.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

మీ గురించి చెప్పమని అడిగితే చాలామంది కుర్రాళ్లు ‘ఐ యామ్ ఎ ఫన్నీ పర్సన్’ అంటారు. వినేవాళ్లకు రెండు అనుమానాలొస్తాయి. ఒకటి, పని టైంలో కూడా జోకులేస్తాడేమో అని. రెండు, కాస్త తేడా మనిషేమో అని. ‘ఐ హావ్ ఎ గుడ్ సెన్స్ ఆఫ్ హ్యూమర్’ అంటే ఈ బాధ లేదు. సెన్స్ ఆఫ్ హ్యూమర్ అంటే నవ్వించడం మాత్రమే కాదు, ఎదుటివాళ్లు జోకేస్తే తీసుకోగలగడం కూడా. పెళ్లి సంబంధాల ప్రొఫైల్‌లోనూ ఇదే రాసుకోవచ్చు. ‘విట్టీ’ అని మాత్రం మన గురించి మనం చెప్పుకుంటే బాగోదు. తెలివిగలవాడినని మెడలో బోర్డు కట్టుకున్నట్టుంటుంది. ఆ మాట వేరేవాళ్లు మన గురించి అనాలి.

పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంకో చిన్న కిటుకు. మనిషిని కాకుండా మాటను మెచ్చుకోండి. ‘సార్, యు ఆర్ ఫన్నీ’ అంటే వినేవాళ్లను బట్టి ఎటైనా పోవచ్చు. ‘సార్, దట్ వాజ్ ఎ ఫన్నీ స్టోరీ’ అంటే పేచీ లేదు. ‘జోకర్’, ‘క్లౌన్’ లాంటివి మాత్రం ముద్దుకు కూడా వద్దు. తెలుగులో ‘కామెడీ చేస్తున్నావా?’ అంటే ఎలా ఉంటుందో, ఇంగ్లిష్‌లో ఒకరిని క్లౌన్ అంటే అంతకంటే ఘాటుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ. ఇంకా ప్రింటింగ్‌కు వెళ్లలేదనుకుందాం. ‘మోస్ట్ కామికల్ టీచర్’ కొట్టేయాలి. ‘ఫన్నీయెస్ట్ టీచర్’ అని పెడితే ఫ్రెండ్స్ గ్రూపులో నడుస్తుంది గానీ స్కూల్ గేటు మీద తేలిపోతుంది. ‘హ్యూమరస్ టీచర్’ తప్పు కాదు, కానీ చప్పగా ఉంది. నా ఓటైతే దీనికి.. ‘హిజ్ విట్ కెప్ట్ అస్ అవేక్, హిజ్ లెసన్స్ కెప్ట్ అస్ గోయింగ్’. ఆయన చమత్కారం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు, ఆయన పాఠం మమ్మల్ని ఇంతదూరం నడిపించింది అని. ఇంత పొడుగు పట్టదని ప్రింటింగ్ షాపతను గొణిగితే, ఫొటో కింద ‘అవర్ విట్టీ, వండర్‌ఫుల్ టీచర్’ అని వేయించండి. విట్టీ స్పెల్లింగ్‌లో టీ రెండుసార్లు వస్తుంది. ప్రూఫ్ వాట్సాప్‌లో రాగానే అది ఒకసారి జూమ్ చేసి చూసుకోండి, మాస్టారు ఎలాగూ చూస్తారు.